మంచము ప్రక్కనున్న ముదిమి

ఎనుబదేండ్ల భర్తను వెంటబెట్టుకొని డెబ్బదియాఱేండ్ల భార్య వైద్యుని గదిలోనికి వచ్చినప్పుడు, బల్లమీద తెరచియుంచిన కాగితములపై పేరు ఆయనది మాత్రమే యుండును. కూర్చుండుటకు కుర్చీ ఆయనకు చూపుదురు. రక్తపుపోటు ఆయనకు చూతురు. నిద్ర పట్టుచున్నదా, ఆకలి యగుచున్నదా యని అడుగుటయు ఆయననే. మందుల సంచి చేతబట్టుకొని, వెనుకటి నెలల చీటీలను తేదీల వరుసను అమర్చుకొని, ఆయన చెవి కందని ప్రశ్నలకు తానే ఉత్తరము లిచ్చుచు ఆమె నిలుచుండియే యుండును. ‘మీకెట్లా ఉందమ్మా?’ అని యెవరైన మాటవరుసకు అడిగినను, ‘నాకేం బాబూ, నేను బాగానే ఉన్నాను, ముందు ఆయన సంగతి చూడండి’ అను మాటయే వచ్చును. ఆమె అసత్య మాడుచున్నదని యనుటకు వీలులేదు. ఆమె యట్లే నమ్ముచున్నది, వైద్యుడును అట్లే నమ్ముచున్నాడు. ఈ అధ్యాయమునకు విషయము ఆమెయే గాని ఆయన కాదు.

వార్ధక్యమును గూర్చిన వైద్యము చిరకాలము వ్యాధులను లెక్కించుటతోనే తృప్తిపడినది. మధుమేహ మున్నదా, గుండె పెరిగినదా, కన్నులలో పొర క్రమ్మినదా యని యొక్కొక్క అవయవమును విడివిడిగా పరీక్షించి, కనబడినదానికి పేరు పెట్టి, పేరునుబట్టి మందిచ్చుట దాని పద్ధతి. అయితే చెప్పుకొనదగిన వ్యాధి యొక్కటియు లేకుండగనే కొందఱు వృద్ధులు నెలనెలకు కృశించి, గడప దాటుటకు జంకి, చిన్నపాటి జ్వరము తగిలినంతనే పక్షము దినములు మంచము పట్టి, లేచిన పిమ్మట మునుపటి మనుష్యులు కాలేకపోవుటయు, అదే వయస్సుగల మఱికొందఱు రెండుమూడు వ్యాధులతో నుండియు బజారునకు నడచిపోయి కూరలు తెచ్చుకొనుటయు వైద్యులు చూచుచునే యుండిరి. ఈ భేదమునకు మూలము వ్యాధుల సంఖ్యలో లేదు. శరీరము నిత్యావసరమునకు మించి నిలువచేసికొన్న సత్తువలో నున్నది. నిండు చెఱువులో జానెడు నీరు ఇగిరినను ఆయకట్టు రైతునకు తెలియదు. నీరు తూము మట్టమునకు దిగిన తరువాత బెత్తెడు తగ్గినను చేను బీటలు వారును. ముదిమియందు ఈ నిలువ అడుగంటి, ఏ స్వల్పమైన ఆఘాతమునకును తట్టుకొనలేని స్థితిని వైద్యులు ఫ్రెయిల్టీ అందురు. మనము వార్ధక్య దౌర్బల్య మందము. వృద్ధులందఱును దుర్బలులు కారు. దుర్బలులైనవారందఱు చిరకాలము అట్లే యుండిపోవుదురను నియమమును లేదు. ఈ రెండవ సంగతి తరువాత మనకు మిక్కిలి అవసరము కాగలదు.

ఈ దౌర్బల్యమునకు కొలమాన మేర్పడినది ఇటీవలి కాలముననే. అమెరికాలో లిండా ఫ్రీడ్ అను వైద్యురాలు తన సహచరులతో 2001లో ప్రకటించిన వ్యాసమునందు ఐదు చిహ్నములను నిర్ణయించెను: కోరకయే ఒక్క యేడాదిలో నాలుగున్నర కిలోలు, లేక బరువులో ఇరువదవ వంతు తఱుగుట, ఏ పని చేయబోయినను అది బరువుగా తోచుచున్నదని తానే చెప్పుకొనునంతటి అలసట, చేతి పట్టు సడలుట, పదునైదడుగుల దూరము నడచుటకు తోడివారికంటె ఎక్కువ సేపు పట్టుట, వారము మొత్తము మీద శరీరమునకు కలుగు శ్రమ తగ్గిపోవుట. ఐదింట మూడు కనబడినవారు దుర్బలులు. ఒకటియో రెండో కనబడినవారు ఆ త్రోవ పట్టినవారు. అఱువదియైదేండ్లు నిండిన 5,317 మందిని ఈ లెక్కను పరీక్షింపగా నూటికి దాదాపు ఏడుగురు దుర్బలులని తేలిరి. వారిలో స్త్రీల పాలు పురుషుల పాలికంటె అధికము. కెనడా దేశమున కెన్నెత్ రాక్‌వుడ్ మొదలగువారు వేఱొక మార్గము పట్టి, మనిషియందు కనబడు లోపముల నన్నిటిని కూడి, వెదకిన లోపముల మొత్తముతో భాగించి, వచ్చిన భిన్నమునే దౌర్బల్యపు కొలతగా గ్రహించిరి. ఈ రెండు పక్షములకును నడుచుచున్న వివాదము పండితులది. దానిలోనికి మనము దిగ నక్కఱలేదు.

కండరమును గూర్చి మాత్రము కొంత వివరముగా చెప్పుకొనవలెను. ఏలన, ఐదు చిహ్నములలో నాలుగింటికి అదియే మూలము. స్వీడన్ దేశపు పరిశోధకులు మృతదేహముల తొడకండరమును అడ్డముగా కోసి, అందలి నారలను లెక్కపెట్టి, ఇరువదవ యేటికిని ఎనుబదవ యేటికిని నడుమ ఆ కండరపు విస్తీర్ణము సగటున నూటికి నలుబది వంతులు తగ్గుచున్నదని 1988లో ప్రకటించిరి. కండరములో నిదానముగా పనిచేయు నారలును, తటాలున ముడుచుకొను నారలును అని రెండు తెగ లుండగా, వయస్సుతోపాటు ఎక్కువగా సన్నగిల్లునవి రెండవ తెగవి. స్నానపుగదిలో కాలు జాఱినప్పుడు రెండవ కాలిని ఱెప్పపాటులో ముందునకు వేసి మనిషిని నిలబెట్టునవి అవియే కావున, వృద్ధులు పడుటకు కారణము కన్నును చెవియును మాత్రమే కాదు. ఇంతేగాక యౌవనమున అన్నములోని మాంసకృత్తులు కడుపున పడినంతనే కండరము వానిని గ్రహించి తన్నుతాను మరమ్మతు చేసికొనును. ముదిమియందు ఆ గ్రాహకశక్తి మందగించుటచేత, అదే పనికి ఎక్కువ మాంసకృత్తులు కావలసివచ్చును. మధ్యవయస్కులకు శరీరపు బరువులో కిలోకు దినమునకు 0.8 గ్రాములు చాలునని యెంచినచోట, వృద్ధులకు ఒక గ్రాము మొదలుకొని 1.2 గ్రాముల వఱకు కావలెనని 2013లో అంతర్జాతీయ నిపుణుల సంఘ మొకటి నిర్ణయించినది. అనగా ఏబది కిలోల బరువుగల వృద్ధురాలికి ఏబది మొదలు అఱువది గ్రాములు. కోడిగ్రుడ్డు ఒకటి ఇచ్చునది ఆఱు గ్రాములు మాత్రమే. పలుచని చారులో ఉండునది లెక్కకు రాదు.

వృద్ధ కండరము ఎంత వేగముగా కరగిపోగలదో తెలియుటకు 2007లో వెలువడిన ఒక ప్రయోగము చాలును. ఆరోగ్యవంతులైన కొద్దిమంది వృద్ధులను పది దినములు మంచముపై పరుండబెట్టి యుంచగా, వారి కాళ్ళనుండి దాదాపు ఒక కిలో కండరము నష్టమైనది. పది దినములు! తుంటి యెముక విఱిగియో, ఊపిరితిత్తులకు జ్వరము పట్టియో ఆస్పత్రిలో నుండు వృద్ధునకు అది గొప్ప గడువు కాదు. దీనిని జ్ఞాపకముంచుకొని మరల మన వృద్ధురాలికడకు పోవుదము. ఏలన, ఆమెకు పది దినములు జబ్బు చేసినయెడల ఆ ఇంట మంచము పట్టువారు ఇద్దఱగుదురు.

ఇచ్చట శాస్త్రచరిత్రలో ఒక విచిత్రమైన సంగతి కలదు. దౌర్బల్యమునకు ఐదు చిహ్నము లేర్పడుటకు ఆధారమైనది, అమెరికాలోని నాలుగు ప్రాంతముల వృద్ధులపై 1989లో ఆరంభమైన హృద్రోగ పరిశీలన. సేవచేయు వృద్ధుల కేమగుచున్నదను ప్రశ్నకు మొట్టమొదట గట్టి యుత్తర మిచ్చినదియు ఆ జనసమూహమే. రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ అను నిద్దఱు ఆ పరిశీలనలోని దంపతులను ఎంచుకొని, భర్తకో భార్యకో పరిచర్య చేయుచున్న 392 మందిని, అట్టి భారము లేని 427 మందిని నాలుగేండ్లపాటు కనిపెట్టి చూచి, తమ ఫలితమును 1999లో ప్రకటించిరి. పరిచర్యచేయుచు దానివలన మనస్సునకో దేహమునకో ప్రయాస కలుగుచున్నదని చెప్పినవారిలో, భారములేని వారికంటె మరణాపాయము నూటికి 63 వంతులు అధికముగా నుండెను. పరిచర్యచేయుచున్నను ప్రయాసలేదని చెప్పినవారియందు అట్టి ఆధిక్యము కనబడలేదు. ఈ రెండవ వాక్యమును చాలమంది చదువక విడిచిపెట్టుదురు. నా యభిప్రాయమున అది మొదటిదానికంటె విలువగలది. మనిషిని క్రుంగదీయునది సేవ కాదు, సత్తువకు మించిన సేవ.

ఆ జనసమూహములోని దంపతులనే మఱికొందఱు పరిశీలించి, ఒకరి దౌర్బల్యము రెండవవారి దౌర్బల్యముతోను, ఒకరి విషాదము రెండవవారి విషాదముతోను ముడివడియున్నదని 2016లో చూపిరి. ఒకే కుండలోని అన్నము తినువారు, ఒకే గదిలో నిద్ర చెడగొట్టుకొనువారు ఒకే రీతిని క్షీణించుట ఆశ్చర్యము కాదు. అయినను వైద్యుడు కాగితమును ఇంటికి తెరువడు, మనిషికి తెరచును.

పరిచర్య దేహమును ఏయే మార్గముల తినివేయునో విచారింతము. మొదటిది బరువు. అమెరికాలో వృత్తిసంబంధమైన ఆరోగ్యమును పరిశీలించు నిపుణులు, శిక్షణ పొందిన నర్సు సైతము రోగిని లేవనెత్తునప్పుడు పదునాఱు కిలోలకు మించిన బరువును చేతులతో మోయరాదని 2007లో లెక్కకట్టిరి. పక్షవాతముతో ఒకవైపు చచ్చుబడిన అఱువది కిలోల భర్తను నలుబదియైదు కిలోల భార్య దినమునకు ఎన్నిమార్లు లేవనెత్తి కూర్చుండబెట్టుచున్నదో ఏ నిపుణుడును లెక్కకట్టలేదు. ఇది వ్యాయామమే గదా, కండరమునకు మేలే గదా యని కొందఱు వాదింపవచ్చును. కాదు. వ్యాయామమునందు బరువు క్రమముగా పెరుగును, నడుమ విశ్రాంతి యుండును, వెన్ను నిటారుగా నుండును. ఇచ్చట బరువు అకస్మాత్తుగా మీద పడును, నడుము వంగియుండును, విశ్రాంతి యనునది రోగి నిద్రను బట్టి యుండును.

రెండవది నిద్ర. రాత్రి పలుమార్లు మూత్రమునకు లేపవలసిన రోగి, ఝాము తెలియక అర్ధరాత్రమున ఆఫీసునకు బయలుదేఱు మతిభ్రంశపు రోగి, వీరి ప్రక్కన పరుండినవారికి గాఢనిద్ర దుర్లభము. కండరములను చక్కబెట్టు అంతఃస్రావములలో ముఖ్యమైన పెరుగుదల హార్మోను అధికముగా వెలువడునది ఆ గాఢనిద్రయందే. మూడవది, కంటికి కనబడనిది, దేహమున నిరంతరము రాజుచుండు శోథ. వయస్సు మీఱిన దేహమున రక్తములో కొన్ని శోథకారక ద్రవ్యములు మెల్లమెల్లగా పెరుగునని ఇటలీ దేశీయుడైన క్లాడియో ఫ్రాన్సెస్కీ మొదలగువారు 2000 సంవత్సరములో ప్రతిపాదించిరి. ఇంటర్‌ల్యూకిన్-6 అనునది వానిలో నొకటి. కండరక్షయమునకును దౌర్బల్యమునకును దానితో సంబంధము కలదు. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందము, డిమెన్షియాతో బాధపడు భర్తకో భార్యకో సేవచేయువారిని ఆఱేండ్లపాటు పరిశీలించి, వారి రక్తములో ఈ ద్రవ్యము పెరుగు వేగము ఇతరులకంటె దాదాపు నాలుగింతలని 2003లో చూపినది. అంతకుముందే, 1995లో, ఆ బృందమువారు చేసిన ప్రయోగ మొకటి నాకు మఱింత హృదయంగమముగా తోచును, ఏలన అందు ఊహ కెడము లేదు. డిమెన్షియా రోగులకు సేవచేయు 13 మంది స్త్రీలకును, అట్టి సేవ లేని 13 మందికిని ముంజేతిమీద మూడున్నర మిల్లీమీటర్ల చిన్నగాయము చేసి, అది మానువఱకు వేచిచూచిరి. సేవలేని స్త్రీలకు అది సగటున 39 దినములలో మానెను. సేవచేయు స్త్రీలకు 49 దినములు పట్టెను.

ఇంతకు ఏ వ్యాధిగ్రస్తునకు చేయు సేవ ఎక్కువ హానికరము? ప్రాణాంతకమైన వ్యాధి యని తొందరపడి చెప్పుదుము. నికొలస్ క్రిస్టకిస్, పాల్ ఆలిసన్ అనువారు అమెరికాలోని 5,18,240 వృద్ధ దంపతుల లెక్కలను తీసి 2006లో చూపినది వేఱు. భార్య పెద్దప్రేగు క్యాన్సరుతో ఆస్పత్రిలో చేరినప్పుడు భర్తకు మరణాపాయము దాదాపుగా పెరుగలేదు; డిమెన్షియాతో చేరినప్పుడు నూటికి 22 వంతులు పెరిగినది, భర్త చేరినయెడల భార్యకు 28 వంతులు. అనగా సేవచేయువారిని కృశింపజేయునది రోగి మరణభయము కాదు, రోగి మనుగడయందలి పరాధీనత. దినదినమును తొడిగి, తినిపించి, కడిగి, కాచుకొనియుండవలసిన స్థితి. డిమెన్షియాతో మరణించినవారి భార్యాభర్తలలో, ఇతర వ్యాధులతో మరణించినవారి భార్యాభర్తలకంటె దౌర్బల్యము ఎక్కువగా పెరుగుచున్నదని 2016లో వచ్చిన మఱియొక పరిశోధన దీనినే బలపఱచుచున్నది.

అయితే న్యాయముగా చెప్పవలసిన ప్రతిపక్షము కూడ కలదు. సేవచేయు వృద్ధస్త్రీలను చిరకాలము పరిశీలించిన లీసా ఫ్రెడ్‌మన్ బృందము, మనఃక్లేశము తక్కువగానున్న సేవికలకు మరణాపాయము సేవలేనివారికంటె తక్కువగానే యున్నదని 2010లో ప్రకటించినది. కొన్నియెడల సేవచేయు వృద్ధుల నడక చుఱుకుగాను, పట్టు గట్టిగాను కనబడుచుండును. సేవ ఆరోగ్యప్రద మని దీనినిబట్టి చాటువారును ఉన్నారు. నే నంతదూరము పోజాలను. ఇంటిలో ఇద్దఱు ముసలివారున్నప్పుడు సేవ యెవరిపై పడును? ఉన్నవారిలో గట్టివారిపై. కాళ్ళు పడిపోయినవారు సేవ మానుకొని సేవ పొందువారి పట్టికలో చేరిపోవుదురు. కావున ఏ దినమున లెక్కించినను సేవచేయువారి గుంపులో ఇంకను పడిపోనివారే మిగిలియుందురు. పనియే వారిని నిలబెట్టుచున్నదో, నిలబడగలవారే పనిలో మిగులుచున్నారో ఒక్కదినపు లెక్కవలన తేలదు. రెండును కొంతకొంత నిజమై యుండవచ్చును. లేచుట, నడచుట, వండుట, మందులవేళ జ్ఞాపకముంచుకొనుట, ఒకరికి తాను కావలెనను తలంపు, ఇవి దేహమునకును బుద్ధికిని కొంత ఆసరా యగునని ఒప్పుకొనుటకు నాకు సంకోచము లేదు.

నేను ముఖ్యముగా చెప్పదలచినది మాత్రము వేఱు. దౌర్బల్యపు ఐదు చిహ్నములలో మూడింటికి సేవచేయువారికడ సిద్ధముగా నొక్కొక్క సాకుండును. బరువు తగ్గినదా? తీరిక లేక వేళకు తినుట లేదు. అలసటగా నున్నదా? రాత్రియంతయు మేలుకొన్నవారికి అలసట గాక మఱేమి యుండును? ఇఁక శ్రమ యందురా, ఫ్రీడ్ పట్టికలో ఇంటిపనియు శ్రమకు లెక్కయే కావున, దినమంతయు వంటింటికిని మంచమునకును తిరుగు మనిషి ఆ ప్రశ్నయందు ఎన్నడును తప్పదు. అన్యులయందు రోగలక్షణమై వైద్యుని హెచ్చరించు నలసట, ఈమెయందు ధర్మలక్షణమై ప్రశంస పొందును. బంధువులు ‘ఎంత ఓపికండీ ఆవిడకి’ అని మెచ్చుకొని వెళ్ళిపోవుదురు. మిగిలినవి రెండు, చేతి పట్టును కాలి నడకయు. వీనికి సాకు చెప్పు నోరు లేదు. కావున సేవచేయు వృద్ధులను అడిగి తెలిసికొనుటకంటె కొలిచి తెలిసికొనుట మేలని నా నిశ్చయము.

ఈ సమస్య ఒక జాతి మొత్తమును ఆవరించినయెడల ఎట్లుండునో చూడవలెనన్న జపాను దేశమును చూడవలెను. సవకో అరియోషి అను రచయిత్రి 1972లో ప్రకటించిన ‘కోకోత్సు నో హితో’ అను నవల పది లక్షలకు పైగా ప్రతులమ్ముడుపోయి, మతి తప్పిన ముదుసలి మామగారికి చాకిరిచేయు ఉద్యోగిని యగు కోడలిని ఆ జాతి కన్నులయెదుట నిలబెట్టినది. మఱుసటియేడు అది చలనచిత్రముగా కూడ వచ్చినది. ఆనాటికి సేవయనగా కోడలి సేవ. 2000 ఏప్రిల్‌లో జపాను ప్రభుత్వము వృద్ధపరిచర్యకై నిర్బంధ బీమాను ప్రవేశపెట్టినది. నలుబదేండ్లు నిండినవారెల్లరు చందా కట్టుదురు, అక్కఱపడిన వృద్ధుని స్థితిని ఏడు తరగతులుగా నిర్ణయించి, తరగతినిబట్టి ఇంటికి వచ్చు పరిచారికలను, పగటివేళ ఉంచుకొను కేంద్రములను, కొలదిదినములు దిగవిడుచుటకు వసతిగృహములను ఏర్పాటుచేయుదురు. ఇంత గొప్ప యేర్పాటున్నను ఇంటిలోని మాఱుపు ఆగలేదు. ఇంటనుండి సేవచేయు ప్రధాన వ్యక్తి కోడలో అల్లుడో యగుట 2001లో అయిదవ వంతునకు మించియుండగా, 2022 నాటికి ఇరువదవ వంతునకు దిగినది. ఒకే ఇంట నుండి సేవ పొందువారును చేయువారును ఇద్దఱును అఱువదియైదేండ్లు నిండినవారే యైన కుటుంబములు 2001లో నూటికి 40.6, 2022లో 63.5. ఇద్దఱును డెబ్బదియైదేండ్లు నిండినవారైన కుటుంబములే ఆ యేట నూటికి 35.7. ముదుసలికి ముదుసలి చేయు సేవకు ఆ భాషలో ‘రోరో కైగో’ యను వాడుకమాటయే పుట్టినది. మతి సడలినవారికి మతి సడలినవారు చేయు సేవకు వేఱొక మాట కూడ వచ్చినది.

జపానీయుల మెలకువను మెచ్చుకొనక తప్పదు. కండరక్షయమును ఇంటిలోనే అనుమానించుటకు టోక్యో విశ్వవిద్యాలయపు పరిశోధకులు కషివా నగరమున ఒక సులభోపాయమును ప్రచారమునకు తెచ్చిరి: రెండు చేతుల బొటనవ్రేళ్ళను చూపుడువ్రేళ్ళను కలిపి వలయముగా చేసి, పిక్కయొక్క మిక్కిలి లావైన చోట చుట్టి పట్టవలెను, వ్రేళ్ళు కలియకున్న సంతోషింపవలెను, కలిసి ఇంకను సందు మిగిలినయెడల కండరము తఱిగినదని శంకింపవలెను. కాని 2020 ఏప్రిల్ మొదలుకొని డెబ్బదియైదేండ్లు నిండినవారి ఆరోగ్యపరీక్షయందు వారు దౌర్బల్యమును పసిగట్టుటకై అడుగుచున్న పదునైదు ప్రశ్నలను చూడుడు. మూడుపూటల తినుచున్నారా, గట్టిపదార్థములు నమలగలరా, నడక మందగించినదా, పడినారా, వారమున కొక్కసారియైన బయటికి పోవుచున్నారా, జబ్బుచేసినచో చెప్పుకొనుటకు ఎవరైన నున్నారా యని యన్నియు నడుగుదురు. మీరెవరికైన సేవచేయుచున్నారా యను ప్రశ్న మాత్రము ఆ పదునైదింటిలో లేదు.

మన తెలుగునాట ఈ లెక్కలు ఇంత స్పష్టముగా తీయబడలేదు గాని, త్రోవ అదియే. 2011 జనాభా లెక్కలయందు దేశమున అఱువదేండ్లు దాటినవారు నూటికి 8.6 మంది కాగా ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 9.8. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలముల పల్లెలలో రెండంతస్తుల మేడలో ఇద్దఱు ముదుసలులు మాత్రమే మిగిలి, పిల్లలు అమెరికాలోనో హైదరాబాదులోనో ఉండి, ఆదివారమునాడు ఫోనులో ముఖములు చూచుకొనుట ఇప్పుడు వింత కాదు. కూలికై వలసపోయినవారి ఇండ్లలోను మిగిలినది అట్టి జంటయే. మేడకు బదులు రేకులకప్పు. ఉమ్మడి కుటుంబము నిలిచియున్నచోట సైతము, తొంబదేండ్ల అత్తకు సేవచేయు కోడలు డెబ్బదవ పడిలోనికి వచ్చియున్నదని మనము తలపోయము. కోడలనగానే మన మనస్సునకు వయసులోనున్న స్త్రీయే తోచును.

మఱి మన ఇండ్లలో సేవచేయు వృద్ధురాలి భోజన మెట్టిది? ఆయనకు మెత్తగా కలిపి తినిపించి, మూతి తుడిచి, పరుండబెట్టి, తరువాత తాను కూర్చుండి మిగిలిన అన్నములో మజ్జిగ పోసికొనును. శనివారము ఒంటిపూట, కార్తిక సోమవారము ఉపవాసము. అనుదినమును రాత్రివేళ ‘ఏదో ఇంత ఉప్మా’. వ్రతములయెడ నాకు గౌరవము కలదు. అయినను డెబ్బదేండ్లు దాటి మఱియొక దేహమును మోయుచున్న స్త్రీకి పప్పును పెరుగును, తినువారైనచో గ్రుడ్డును, ఔషధముతో సమానమని పురోహితులే చెప్పిన బాగుండును. డాక్టరు మాటకంటె వారి మాట ఆమెకు ఎక్కును. 2017-18లో జరిగిన అఖిలభారత వార్ధక్య పరిశీలనయందు నలుబదియైదేండ్లు నిండిన డెబ్బదిరెండువేలకు పైగా జనులను ఇంటింటికి పోయి చూచి, చేతి పట్టును, నడక వేగమును కొలిచినారు. కొలుచుటకు కావలసినవి చిన్న పట్టుసాధన మొకటి, గడియార మొకటి. అట్టివి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున నుంచి, రోగితో వచ్చిన ముదుసలిని సైతము నాలుగడుగులు నడిపించి చూచుటకు ఐదు నిమిషములు పట్టదు.

కొలిచిన తరువాత ఏమి చేయవలెనను ప్రశ్న కలదు. బోస్టనులో మరియా ఫియాటరోన్ 1990లో ప్రకటించిన ప్రయోగము ఇచ్చట గొప్ప ధైర్యము నిచ్చును. తొంబదేండ్ల ప్రాయమున వృద్ధాశ్రమములో నున్న పదిమంది దుర్బలులచేత ఎనిమిది వారములు క్రమముగా బరువులతో కాళ్ళకు వ్యాయామము చేయించగా, వారి తొడల బలము సగటున నూటికి 174 వంతులు పెరిగినది. వ్యాయామము నాలుగు వారములు మానిపింపగా ఆ మొత్తము బలములో దాదాపు మూడవ వంతు జాఱిపోయినది. తొంబదవ యేట సాధ్యమైనది డెబ్బదవ యేట అసాధ్యము కానేరదు. ఆధారము పట్టుకొనకుండ కుర్చీనుండి పదిమార్లు లేచి కూర్చుండుట, గోడపట్టుకొని మునివ్రేళ్ళపై నిలుచుట, ఇవి ఖర్చులేనివి. అయితే వీనికి వేళ కావలెను. వేళ యనునదే ఆమెకడ లేనిది. కావున సేవచేయువారికి చెప్పు ప్రతి వ్యాయామ సలహాతోను, ఆ అరగంట రోగికడ కూర్చుండువారి పేరు కూడ చెప్పవలెను. లేకున్న అది సలహా కాదు, నింద. జపానులో కొలదిదినములు రోగిని దిగవిడుచు వసతు లున్నను, ‘నేను లేనిదే ఆయన ముద్ద ముట్టరు’ అని పంపుటకు వెనుదీయు భార్యలు అచ్చటను కలరు. అట్టివారికి విశ్రాంతికని చెప్పక, మీ కంటి శస్త్రచికిత్సకని చెప్పినయెడల ఒప్పుకొనుట సులభము. ఆయనకొఱకు కన్ను కావలెను గదా!

చిన్నదగుటచేత పెద్దవారు చెప్పక విడిచిన సంగతి యొకటి మిగిలినది. మన ఇండ్లలోని నులకమంచమును నవారుమంచమును మోకాలికంటె తక్కువ ఎత్తున నుండి, నడుమ పల్లమై యుండును. అందు పరుండిన రోగిని ప్రక్కకు త్రిప్పవలెనన్న సేవచేయువారు నడుము సగమునకు వంచి, ఆ పల్లములోనుండి పైకి లాగవలెను. చదునైన చెక్కమంచము వేసి, కదలకుండ ఇటుకలను గాని దిమ్మలను గాని కోళ్ళక్రింద పెట్టి, సేవచేయువారి నడుముదాక దానిని ఎత్తినయెడల ఆ వంపు తప్పును. మంచమునుండి స్వయముగా దిగగల రోగి యైనచో అంత యెత్తు పనికిరాదు; ఆయన కాళ్ళు నేల కానునంత యెత్తే మేలు, లేచుటకు ప్రక్క గోడకు గట్టి కమ్మి యొకటి బిగింపవలెను. రోగి క్రింద అడ్డముగా నాలుగుమడతల దుప్పటి నొకదానిని ఎల్లప్పుడు పఱచియుంచి, మనిషిని పట్టి లాగక ఆ దుప్పటి అంచును పట్టి త్రిప్పవలెను. ఈ పనికి వడ్రంగి ఒకపూట చాలును.